నక్షత్రాల వారికి, వీధి కుక్కల సాక్షిగా

మహారాజశ్రీ ఐదు నక్షత్రాల రేటింగు వారికి,

ఉభయకుశలోపరి. తమరు అందరి ఫోన్లలోనూ పసుపుపచ్చగా వెలుగుతూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నేనూ క్షేమమే. రెండు పిక్కలూ యథాస్థానంలోనే ఉన్నాయి. పిక్కల ప్రస్తావన ఎందుకు వచ్చిందో కాసేపట్లో మనవి చేసుకుంటాను. ముందుగా తమరి పనితీరు మీద కొన్ని ఫిర్యాదులు.

మాది హైదరాబాద్ శివారు కాలనీ. సాయంత్రం ఏడయ్యేసరికి పెద్ద రోడ్డు పక్కన ఫాస్ట్ ఫుడ్ బండ్లు బారులు తీరతాయి. బర్నర్ల హోరు, కళాయి మీద గరిటె మోత, గాలిలో వెనిగర్ ఘాటు. ఒకప్పుడు ఏ బండి దగ్గర తినాలో కింది వాటావాళ్లు చెప్పేవారు. వాళ్లకు కడుపునొప్పి వస్తే, ఏ బండి దగ్గర తినకూడదో కూడా తెలిసేది. ఇప్పుడా భారం తమరు నెత్తిన వేసుకున్నారు. వేసుకుని, ఉన్న బండ్లన్నిటినీ నాలుగుకు పైన, ఐదుకు లోపల కూర్చోబెట్టారు. రోజూ కళాయి తోమేవాడిదీ 4.3. తోమితే రుచి పోతుందని నమ్మేవాడిదీ 4.3. తేడా తెలియాలంటే తిని చూడాలి. తిని చూసేదానికి మధ్యలో తమరెందుకు?

తమరి భక్తులు రాసే మాటలు కూడా నేను శ్రద్ధగా చదువుతాను. ‘ఇంకా తినలేదు, వాసన బాగుంది’ అని ఐదు. ‘మేం వెళ్లేసరికి బండి సర్దేశారు’ అని ఒకటి. ‘కారు పెట్టుకోవడానికి చోటు లేదు’ అని రెండు. ఒకాయన గోబీ మంచూరియా తిని ‘అచ్చమైన చైనా రుచి’ అని మురిసిపోయాడు. మంచూరియా పుట్టింది బొంబాయిలో. 1975లో అక్కడి క్రికెట్ క్లబ్బులో నెల్సన్ వాంగ్ అనే కలకత్తా చైనీయుడు అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, మసాలా పొడికి బదులు సోయా సాస్ పోసి కోడిముక్కలతో చేసిన వంటకం అది. గోబీ ఆ తరువాత వచ్చి చేరింది. అయినా తమరు ఆయన ఐదు నక్షత్రాలనూ భద్రంగా లెక్కలో కలిపేసుకున్నారు. తమరికి చదవడం రాదు, కూడడమే వచ్చు.

అన్నిటికన్నా నన్ను నొప్పించింది మయోనైజ్ వ్యవహారం. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర ఏడాది పాటు నిషేధించింది. మా మలుపు దగ్గరి బండి మాస్టర్ మర్యాదస్తుడు, వార్త వినగానే ఆ గిన్నె తీసేశాడు. ‘అడిగితే లేదన్నారు’ అని అతనికి రెండు నక్షత్రాలు. పక్క బండాయన అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ధారాళంగా వేశాడు. ఆయనకు ఐదు. చట్టాన్ని పాటించినవాడికి మూడు నక్షత్రాల జరిమానా విధించే న్యాయస్థానం ఇంకెక్కడైనా ఉంటే తెలియజేయగలరు.

నన్నడిగితే బండికి మార్కులు వేయవలసిన చోట్లు వేరే ఉన్నాయి. కళాయి తుడిచే గుడ్డ ఇప్పుడు ఏ రంగులో ఉంది, కొన్నప్పుడు ఏ రంగులో ఉండేది. కడగడం తప్పించుకోవడానికి ప్లేటుకు పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీద పొగలు కక్కే నూడుల్స్ పోస్తున్నారా. నూనె సంగతి ఏమిటి. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే పదేపదే కాగడం వల్ల నూనెలో పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే ఇక వాడకూడదని ఆహార భద్రతా నియమం. మా దగ్గర నూనెకు పదవీ విరమణ లేదు. సాయంత్రం పూట దాని మీద కొత్త నూనె పోసి మళ్లీ కొలువులోకి తీసుకుంటారు. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు బండి మీద ఎక్కడైనా రాసి ఉందా, లేక ఆ జాగాలో కూడా చికెన్ లాలీపాప్ బొమ్మే అంటించారా. చివరిగా, గుడ్డు పెంకులూ, ఎముకలూ ఏ డబ్బాలో పడుతున్నాయి?

ఏ డబ్బాలోనూ పడడం లేదు. బండి వెనక చీకట్లో పడుతున్నాయి. అక్కడ రెండో హోటలు నడుస్తుంది. దానికి బోర్డు లేదు, తమరి అనుగ్రహమూ లేదు, ఖాతాదారులు మాత్రం ఏ రోజూ తప్పిపోరు. ఎక్కడపడితే అక్కడ వీధి కుక్కలకు తిండి పెట్టవద్దని, అందుకు విడిగా స్థలాలు చూపించాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. మా కాలనీలో ఆ స్థలాలు అంతకు చాలా ముందే వెలిశాయి, బండికొకటి చొప్పున. రాత్రి బండ్లు కట్టేశాక ఆ ఖాతాదారులందరూ భుక్తాయాసంతో మా వీధుల్లోకి వాహ్యాళికి వస్తారు.

సరిగ్గా ఆ వేళకే నేను తమరిని నమ్మి తిండికి బయలుదేరాను. కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదడం అంటే అదే. తమరు 4.6 ఇచ్చిన బండి దగ్గర డబుల్ ఎగ్ చికెన్ నూడుల్స్ పార్శిల్ కట్టించుకుని, స్కూటరు కొక్కేనికి తగిలించి, మా వీధి మలుపు తిరిగాను. మొదట ఒకే ఒక్క మొరుగుడు. ఆ తరువాత ఆగి ఉన్న కారు కింద నుంచి ఒకటి, ఇసుక కుప్ప మీద నుంచి రెండు, ఎక్కడి నుంచో తెలియకుండా మిగతావి. మొరుగుతున్నంతసేపూ అది ఉపన్యాసం. మొరగడం ఆపి చుట్టూ చేరాయంటే తీర్మానానికి వచ్చాయన్నమాట. వేగం పెంచితే వెంటపడతాయి, బండి ఆపితే చాలావరకు ఆగిపోతాయి అని తెలుసు. కానీ ఆ తెలివి కుడిచేతికి చేరదు, అది యాక్సిలరేటర్‌నే తిప్పాలని చూస్తుంది. ఎలాగో ఆపాను. అవీ ఆగాయి. కళ్లలోకి చూడకూడదంటారు కదా అని ఆకాశంలోకి చూశాను. అక్కడా నక్షత్రాలే.

అప్పుడు హ్యాండిల్‌కు బిగించిన ఫోను వెలిగింది. నేను ఆ బండి దగ్గరికి వెళ్లివచ్చిన సంగతి తమరి దూతలు పసిగట్టారు. ‘మీ అనుభవం ఎలా ఉంది?’ కింద ఐదు ఖాళీ నక్షత్రాలు. వేలు కదిపే పరిస్థితి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి.

అవి నూడుల్స్ కోసం వచ్చాయనుకున్నాను. పార్శిల్ సరిగ్గా వాటి ముక్కు ఎత్తులో వేలాడుతోంది. ఆవిరి కూడా ఇంకా ఆరలేదు. వాటిలో పెద్దది, గోధుమరంగుది, దాని వంక చూడను కూడా చూడలేదు. తిన్నగా ముందు టైరు దగ్గరికి వెళ్లింది. పక్క వీధుల కుక్కలు ఆ టైరు మీద ఏమేమి వదిలి వెళ్లాయో పైనుంచి కిందికి తీరిగ్గా చదివింది. కొన్నిచోట్ల ఆగి మళ్లీ చదివింది. ఆ తరువాత కాలెత్తి, తన అభిప్రాయం కూడా నమోదు చేసి పక్కకు తప్పుకుంది. మిగతావీ వెళ్లిపోయాయి. (నూడుల్స్ అంటారా? ఉప్పు చాలా ఉంది. రెండో గుడ్డు బిల్లులో కనిపించింది.)

తమరి పూర్వీకులు గుర్తుకొచ్చారు. భోజనానికి నక్షత్రాలు వేయడాన్ని లోకమంతా గౌరవించేలా చేసింది ఫ్రాన్సులోని టైర్ల కంపెనీయే కదా. మిషెలిన్ సోదరులు 1900లో కార్లున్నవాళ్ల కోసం ఉచితంగా ఒక గైడు అచ్చువేసి పంచారు. జనం దూరాలు తిరగాలి, టైర్లు అరగాలి, కొత్తవి కొనాలి. 1926లో మంచి భోజనశాలలకు నక్షత్రం వేయడం మొదలుపెట్టారు. 1931లో ఒకటి, రెండు, మూడు అని అంతస్తులు పెట్టారు. మూడు దాటి వాళ్లెన్నడూ పోలేదు. వాళ్ల ఇన్‌స్పెక్టరు తానెవరో చెప్పకుండా వెళ్తాడు, తింటాడు, బిల్లు కడతాడు, ఆ తరువాతే కలం తీస్తాడు. 2017లో బ్యాంకాక్‌లో బొగ్గుల పొయ్యి మీద పీతమాంసం ఆమ్లెట్ వేసే జే ఫాయ్ అనే ఆమె చిన్న దుకాణానికీ అలాగే నక్షత్రం వచ్చింది. ఇప్పుడు తమరే చెప్పండి. టైర్ల కోసం పుట్టిన ఈ సంప్రదాయాన్ని నిలబెడుతున్నది తమరా, టైరు దగ్గరే తీర్పు రాసే మా గోధుమరంగు పెద్దమనిషా? పైగా దాని సమీక్షకు నిజమైన పాఠకులున్నారు. ఆ మరునాటి నుంచి నేను ఏ వీధిలోకి వెళ్లినా అక్కడి సంఘమంతా బయటికి వచ్చి ముందు టైరు చదువుతోంది. ఏకీభవించనివి గట్టిగానే చెబుతున్నాయి.

దాని చెవి కొసన చిన్న ముక్క కోసి ఉండడం కూడా గమనించాను. జంతు జనన నియంత్రణ నిబంధనల కింద పట్టుకెళ్లి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చిన చోటే వదిలిపెట్టిన కుక్కకు ఆ గుర్తు పెడతారు. ఆ రాత్రి నా కంటబడిన రేటింగులన్నిటిలో ఎవరో చేతులు కడుక్కుని, పరీక్షించి ఇచ్చినది అదొక్కటే. అలాగని ఆ చెవిని చూసుకుని కాటును వదిలేయకూడదు, టీకా బలం కలకాలం ఉండదు. పన్ను దిగితే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లి తీరాలి. బొడ్డు చుట్టూ 14 సూదులన్నది మా తాతల కాలపు భయం, ఇప్పుడు చేతికే వేస్తారు. టీకాకే గడువున్నప్పుడు తమరికెందుకు లేదు? ఎన్నడో ఎవరో తిన్న ఫ్రైడ్ రైస్‌కు వేసిన ఐదు నక్షత్రాలు మాస్టర్ మారినా, బండి చేతులు మారినా అలాగే మెరుస్తున్నాయి.

ఇవన్నీ భరిస్తాను. అసలు కోపం ఇంకొకటుంది. బండి దగ్గర ఇంత దానకర్ణులైన తమరు, పార్శిల్ తెచ్చే అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి పిసినారులైపోతారు. నా టైరు మీద నాలుగు వీధుల రాతలుంటే, రాత్రంతా తిరిగే అతని టైరు మీద నగరమంతటి రాతలూ ఉంటాయి. ప్రతి మలుపులోనూ ఒక సంఘానికి జవాబు చెప్పుకుంటూ రావాలి. గేటు దాటితే పెంపుడు కుక్కలు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్శిల్ ఇవ్వడానికి వెళ్లిన ఒక యువకుడు, ఆ ఇంటి కుక్క మీదికి ఉరకడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి దూకి, ప్రాణం పోగొట్టుకున్నాడు.

మొన్న మా పై వాటా ఆయనకు ఒక అబ్బాయి వీధి చివరి నుంచి ఫోన్ చేశాడు. “సార్, కుక్కలు రానివ్వడం లేదు. మలుపు దాకా ఒక్కసారి రాగలరా?” ఆయన బాల్కనీలో నిలబడి, “ఏమీ అనవులే బాబూ, వచ్చేయ్” అని కేకేశాడు. ఆ అబ్బాయి బండి దిగి, తోసుకుంటూ, గోడ పక్కగా నడిచి వచ్చాడు. నూడుల్స్ చల్లారిపోయాయి. వండినవాడికి ఐదు, తెచ్చినవాడికి రెండు. రెండూ తమరి చేతుల మీదుగానే జరిగాయి.

కావున, ఆ అబ్బాయి దగ్గర కోసిన మూడు నక్షత్రాలను ఎక్కడ దాచారో వెతికి, వడ్డీతో సహా అతని ఖాతాలో జమచేయించి రసీదు పంపగలరు. ఖజానాలో కొరత ఉంటే 4.6 బండి దగ్గర మిగులు బాగా ఉంది, అక్కడి నుంచి తీసుకోండి. పై వాటా ఆయన అభ్యంతరం చెబితే, రాత్రి పదకొండుకు మలుపు దాకా ఒకసారి నడిచి రమ్మనండి.

ఇట్లు,
ముందు టైరు మార్పించే ఆలోచనలో ఉన్న ఒక వినియోగదారుడు