ఇస్మాయిల్ యాసీన్ సర్వీసు రికార్డు

సైన్యంలో చేరమని గోడలకు పోస్టర్లు అంటించే ప్రభుత్వాలను చూస్తే జాలేస్తుంది. ఈ పనిని ఈజిప్టు 1955లోనే చవగ్గా, ఒక నోటితో కానిచ్చేసింది. ఆ నోరు సినిమా హాస్యనటుడు ఇస్మాయిల్ యాసీన్‌ది.

1912లో సూయజ్‌లో పుట్టిన మనిషి. కైరో చేరింది గాయకుడవుదామని. జనానికి మాత్రం గొంతు కంటే ముందు నోరు కనపడింది, చెవి నుంచి చెవి దాకా. బదియా మసాబ్నీ నాట్యశాలలో డాన్సుకీ డాన్సుకీ మధ్య హాస్యపాటలు పాడే పని దొరికింది. దాన్ని అక్కడ మోనోలాగ్ అంటారు. గ్లాసుల మీదున్న చూపుల్ని కొద్ది నిమిషాల్లో తన వైపు తిప్పుకోవాలి. అందుకని తన నోటి మీద తనే ముందు జోకేసుకునేవాడు, ఎదుటివాడికి మిగల్చకుండా. రాసిపెట్టడానికి అబూ సఊద్ ఇబ్యారీ ఉండనే ఉన్నాడు.

1955లో ఆయన్ని సైన్యంలో చేర్చారు, సినిమా పేరులోనే: ‘సైన్యంలో ఇస్మాయిల్ యాసీన్’. దర్శకుడు ఫతీన్ అబ్దుల్ వహాబ్ మాజీ సైనికాధికారి కాబట్టి కవాతుకు వేరే సలహాదారు ఖర్చు లేదు. తయారీ విధానం సులువు: ఎడమ అంటే కుడి కాలెత్తే ఒక రిక్రూటు, వాణ్ణి చూడగానే బీపీ పెరిగే ఒక భారీ సార్జంట్. ఆ సార్జంట్ అతియ్యా వేషం రియాద్ కసబ్గీది. అంతకుముందు రైల్వేలో టికెట్లు తనిఖీ చేసినవాడు, గద్దించడం ఆయనకు కొత్త కాదు. కొంచెం ప్రేమ కలిపి, చివర్లో ఆ మొద్దబ్బాయి చేతే ఘనకార్యం చేయించాలి. ఇంత చేతకానివాడే నెగ్గుకొస్తే మా వాడికేం అని ఇంటి దగ్గర అమ్మ ధైర్యం తెచ్చుకుంటుంది. పోస్టరు ఇవ్వలేనిది ఈ భరోసానే.

ఫార్ములా పండాక బదిలీలు మొదలయ్యాయి. 1956లో పోలీసు, 57లో నౌకాదళం, 58లో మిలిటరీ పోలీసు, 59లో వైమానిక దళం. మధ్యలో పిచ్చాసుపత్రికి కూడా వెళ్లొచ్చాడు (ఇన్ని బదిలీల తర్వాత ఏ ఉద్యోగైనా వెళ్తాడు). ‘అమ్మకానికి ఇస్మాయిల్ యాసీన్’ అని కూడా ఒకటి తీశారు. అది హాస్యం అనే అనుకున్నారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఏడాదికి అన్నేసి సినిమాలు వస్తే, నోరు తెరవకముందే జోకు ఏమిటో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. 1954లో పెట్టిన సొంత నాటక సమాజం 1966 దాకా నడిచింది. ఈలోగా 1960లలో సినిమా కూడా ప్రభుత్వం చేతికొచ్చింది. శాఖలన్నిటికీ ప్రచారం చేసిపెట్టిన మనిషికి, ప్రభుత్వమే నిర్మాత అయ్యాక వేషాలు కరువయ్యాయి.

ఆయన్ని మరిచిపోని శాఖ ఒక్కటే, పన్నుల శాఖ. ఆయన తెర మీద పనిచేయని శాఖ కూడా బహుశా అదే, అందుకే మొహమాటపడలేదు. బకాయిల కింద సంపాదన పోయింది. పొట్ట చేతబట్టుకుని బీరూట్ వెళ్లాడు, తిరిగొచ్చి చిన్నాచితకా వేషాలు వేశాడు. 1972 మే 24న కైరోలో గుండె ఆగింది. మూడు దళాల్లోనూ పనిచేసినా పింఛను ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు: సర్వీసంతా తెర మీదే.