పాత కంట్రోలర్ బరువు చూసి మోసపోకండి

మోడల్ రైళ్ల సరదా ఉన్న విజయవాడ, గుంటూరు మిత్రుల ఫోన్లలో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. పట్టాలకు కరెంటు ఇచ్చి, నాబ్ తిప్పితే రైలు వేగాన్ని మార్చే డబ్బా కంట్రోలర్. దాని గురించిన ఆ సందేశం సారాంశం ఇది: "కొత్త కంట్రోలర్లన్నీ ప్లాస్టిక్ డబ్బాలు. 50, 60 ఏళ్ల నాటి బరువైన విదేశీ కంట్రోలర్ కొనుక్కోండి. జన్మకు పాడవదు. ఇచ్చేది 12 వోల్టులే కాబట్టి ఏ ఇంజన్‌కైనా సరిపోతుంది. అమెరికాదైతే కన్వర్టర్ తగిలిస్తే చాలు." రాసినవారు మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. అయినా ఇందులో నిజం పావు వంతే.

ముందు ఆ 12 వోల్టుల మాట తేల్చుకుందాం, అసలు తంటా అక్కడే ఉంది. ఆ కాలపు కంట్రోలర్లలో చాలావాటి లోపల ఉండేది ఒక నిరోధకం, దాని మీద జారే ఒక కాంటాక్టు, అంతే. ఇంగ్లండు నుంచి వచ్చే హెచ్ అండ్ ఎం డ్యూయెట్ ఈ జాతిదే. నిరోధకం ఎంత వోల్టేజి మింగుతుందో ఇంజన్ లాగే కరెంటును బట్టి ఉంటుంది. నాబ్ 20 ఓమ్‌ల దగ్గర ఉందనుకోండి. అర ఆంపియర్ తాగే పాతకాలపు ఇంజన్ అయితే 10 వోల్టులు అక్కడే పోతాయి, ఇంజన్‌కు మిగిలేది రెండే. ఇప్పటి ఇంజన్ 0.1 ఆంపియర్‌తో సరిపెట్టుకుంటుంది, పోయేది రెండు వోల్టులు, అందేది పది. అదే నాబ్, అదే స్థానం: ఒకటి పాకుతుంది, ఇంకొకటి వంపులో పట్టాలు దాటి బల్ల మీద నుంచి దూకుతుంది.

నమ్మకం లేకపోతే ముల్లు మీటరు పెట్టి చూడండి. పట్టాల మీద ఇంజన్ లేకుండా నాబ్‌ను సగానికి తిప్పితే దాదాపు పూర్తి వోల్టేజి చూపిస్తుంది. ఇప్పుడు ఆటోనగర్‌లో ఏ విడిభాగాల కొట్లోనైనా దొరికే 12 వోల్టుల, 5 వాట్ల బల్బును పట్టాలకు తగిలించండి. నాబ్‌ను ముట్టుకోకపోయినా ముల్లు కిందికి పడుతుంది. ఇలాంటి కంట్రోలర్ ఇప్పటికే కొనేసినవారికి ఈ బల్బే ఉపాయం కూడా. దాన్ని అలాగే ఉంచేస్తే కొత్త ఇంజన్ కొంత మాట వింటుంది.

మీటరు చూపించని సంగతి ఇంకొకటి ఉంది. వీటిలోంచి వచ్చే డీసీ నున్నగా ఉండదు, అలలు అలలుగా వస్తుంది. మీటరు సగటును 12 అని చూపే వేళ అల శిఖరం 19 వోల్టుల దాకా లేస్తుంది. సగం అలను మాత్రమే పంపే స్విచ్ వేస్తే మోటారుకు సెకనుకు 50 కుదుపులు. పాత మోటార్లు మందగమనంలో ఆగకుండా కదలడానికి పెట్టిన సదుపాయం అది, అప్పట్లో బాగానే పనిచేసింది. నేటి కోర్‌లెస్ (లోపల తిరిగే చుట్టకు ఇనుప కోర్ లేని) మోటార్లను మాత్రం అది వేడెక్కించి చంపుతుంది.

"అమెరికాదైతే కన్వర్టర్ చాలు" అన్నది సగం నిజం. అక్కడి సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230, 50. ఆ కన్వర్టర్, అంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజిని తగ్గిస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చలేదు. 60కి కట్టిన ఇనుప కోర్ 50 మీద మరింత వేడెక్కుతుంది. బెజవాడ మే నెలలో గది వేడే 40 ఉంటే ఆ పైది ఎవరు భరించాలి? దానికి తోడు లయొనెల్ జెడ్‌డబ్ల్యూ వంటివి మూడు పట్టాల రైళ్ల కోసం ఏసీ ఇచ్చేవి. మీ రెండు పట్టాల డీసీ ఇంజన్‌ను దానికి కలిపితే బుర్రుమంటుంది, కదలదు, కాసేపటికి వాసన వస్తుంది.

జర్మనీ సరుకు కూడా ఇందుకు మినహాయింపు కాదు. మార్క్లిన్ ఇంజన్ దిశ మార్చుకోవడానికి 24 వోల్టుల తాకిడి కావాలి. 220 వోల్టులకు చేసిన పాత నీలం ట్రాన్స్‌ఫార్మర్‌ను మన 230కి తగిలిస్తే ఆ తాకిడి మరీ పెరుగుతుంది, కొత్త ఇంజన్ లోపలి డీకోడర్ (ఆదేశాలను చదివే చిన్న సర్క్యూట్) కాలిపోవచ్చు. వాటిని కొత్త ఇంజన్లతో వాడవద్దని ఆ కంపెనీయే చెప్పింది.

ఇక "జన్మకు పాడవదు" అన్న మాట. రాగి చుట్ట పాడవదేమో కానీ దాని చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు ఎండి పొడిపొడిగా రాలుతుంది. రేకు డబ్బా, రెండు తీగల వైరు, ఎర్త్ లేదు. దాన్ని తిప్పేది పిల్లలు. ఏసీని డీసీగా మార్చే సెలీనియం రెక్టిఫైయర్ కాలితే వచ్చే పొగ విషం. కొనే ముందు మోటారు వైండింగు షాపులో మెగ్గర్ (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) పెట్టించండి. రెండు మెగాఓమ్‌ల కంటే తక్కువ చూపిస్తే నేనైతే బేరమే ఆడను. బరువంటారా, అది ఇనుము బరువు. కిలోల లెక్కన కొనడానికి ఇవి ఉల్లిపాయలు కావు.

ఆ పావు వంతు నిజం ఏమిటో కూడా చెప్పాలి. పాతవన్నీ నిరోధకం జాతివి కావు. ట్రాన్సిస్టర్లతో నడిచే 1980ల నాటి ఎంఆర్‌సీ, గేజ్‌మాస్టర్ రకాలు లోడు మారినా వోల్టేజిని నిలబెడతాయి, మనవాళ్లే విప్పి బాగుచేయగలరు కూడా. మన సరఫరాకు సరిపోయే అలాంటిది దొరికితే, పల్స్ స్విచ్ (పైన చెప్పిన సగం అల స్విచ్ లాంటిది) ఉంటే దాన్ని ఆపేసి, ధైర్యంగా వాడుకోవచ్చు. డీసీసీ (పట్టాల మీదుగా ఒక్కో ఇంజన్‌కు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) కావాలంటే మాత్రం ఏ పాత డబ్బా పనికిరాదు, అది వేరే పద్ధతి.

నిరోధకం రకం ఇంట్లో ఇప్పటికే ఉండి, మెగ్గర్ పరీక్షలో నెగ్గి ఉంటే పారేయకండి. చాలావాటి వెనక 16 వోల్టుల ఏసీ టెర్మినళ్లు ఉంటాయి. పాయింట్లను (పట్టాలు చీలే చోట్లను) మార్చే కాయిల్ మోటార్లకు, స్టేషను దీపాలకు అవి చక్కగా సరిపోతాయి. ఇంజన్‌కు మాత్రం వేరే కంట్రోలర్ చూసుకోండి.