బెజవాడలో డాలరు గుర్తు

బెజవాడలో డాలరును అనుమానించడం ఆనవాయితీ కాదు. అందువల్ల మొన్న గవర్నర్‌పేటలోని మా కార్యాలయంలో కొత్త ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వరులోకి లాగిన్ అయిన నాకు, నా పేరూ యంత్రం పేరూ ఉండవలసిన చోట ఒంటి డాలరు గుర్తు, దాని పక్కన మిణుకుమనే కర్సరు తప్ప మరేమీ కనిపించకపోయినప్పుడు, పక్క సీటు పెద్దాయన తొంగిచూసి "అబ్బాయికి వీసా వచ్చిందేమిటండీ?" అని ఆప్యాయంగా అడగడాన్ని నేను తప్పుపట్టలేను.

పైబాణం మీట నొక్కితే పాత ఆదేశం తిరిగి రావలసింది పోయి, ఒక టోపీ గుర్తు, రెండు చదరపు బ్రాకెట్లు, ఒక ‘ఏ’ వరుసగా వచ్చి కూర్చున్నాయి. ట్యాబ్ నొక్కితే ఫైలు పేరు పూర్తికాలేదు గాని కాస్త ఖాళీ జాగా దక్కింది. ఈ ఊళ్లో ఖాళీ జాగా దక్కడం మామూలు విషయం కాదని ఒప్పుకుంటూనే, నాకు కావలసింది అది కాదని మనవి. వైరస్ అని ఒకరు, సర్వరు నైరుతిలో లేకపోవడమే దోషమని మరొకరు తేల్చారు. రీస్టార్ట్ ప్రతిపాదన మాత్రం ఏకగ్రీవంగా నెగ్గింది, వెంటనే అమలైంది, డాలరు యథాస్థానంలో ఉంది.

చివరకు ‘ఎకో’ అని రాసి, పక్కన డాలరు, సున్నా పెట్టి అడిగితే, మన ఆదేశాలను అందుకొని యంత్రం చేత చేయించే ఆ షెల్లు తన పేరు ‘ఎస్‌హెచ్’ అని ఒప్పుకుంది. ఉబుంటులో 2006 నుంచి ఆ పేరు చాటున ఉన్నది డ్యాష్ అనే షెల్లు. స్క్రిప్టులను, అంటే ముందే రాసిపెట్టిన ఆదేశాల చీటీలను, చకచకా నడిపించే పొదుపరి. మనుషులతో కబుర్లకు పనికిరాదు. 1979 నాటి బోర్న్ షెల్లుకు 1989లో బ్రయాన్ ఫాక్స్ కల్పించిన పునర్జన్మ అయిన బాష్‌కే ఆ మర్యాదలన్నీ తెలుసు.

ఇంతకూ జరిగిందేమిటంటే, ఖాతా తెరిచిన కుర్రాడు ‘యాడ్‌యూజర్’ అని ఆదేశించవలసిన చోట ‘యూజర్‌యాడ్’ అన్నాడు. మొదటిది పెద్దలు కుదిర్చిన పెళ్లి: వివరాలన్నీ అడిగి, ఇల్లు కట్టి, సారె సర్ది మరీ పంపుతుంది. రెండోది రిజిస్ట్రారు ఆఫీసు పెళ్లి: పుస్తకంలో పేరెక్కుతుంది, అంతే. హోం డైరెక్టరీ (మన ఫైళ్లుండే సొంతిల్లు) కావాలంటే ‘ఎమ్’ అనీ, ఫలానా షెల్లు కావాలంటే ‘ఎస్’ అనీ విడిగా నోరు తెరిచి అడగాలి. ఆ పుస్తకం పాస్‌వర్డ్ ఫైలు (నేడు పాస్‌వర్డులు తప్ప అన్నీ ఉండే ఫైలుకు ఆ పేరే ఎందుకు కొనసాగుతోందన్నది వేరే వ్యాసం). అందులో నా వరుసలో ఏడోదీ, చిట్టచివరిదీ అయిన గడి షెల్లుది.

కుర్రాడు గాంధీనగరంలో ఇడ్లీ ముగించుకొని తీరిగ్గా వచ్చి, లేని ఇల్లు కట్టి, ఆ గడిలో బాష్ అని రాసి, ఒకసారి బయటికి వెళ్లి మళ్లీ లాగిన్ కమ్మన్నాడు. అయ్యాను. నా పేరు, యంత్రం పేరు కొలువుదీరాయి. వాటి చివర డాలరు మాత్రం అలాగే ఉంది. సర్వాధికారాలూ ఉన్న రూట్‌ ఖాతాకైతే హ్యాష్ (#), మామూలు వినియోగదారుడికి డాలరు పెట్టడం బాష్‌కూ అలవాటేనని నేను వివరించబోయేలోగా, పెద్దాయన తృప్తిగా తలాడించి, "అయితే ఇప్పుడు మీ పేరుమీద పడిందన్నమాట" అన్నారు.