గేమ్‌లో స్కోరు పెరిగితే మెదడు బాగైనట్టేనా?

"తలకు దెబ్బ తగిలాక ఏకాగ్రత కుదరడం లేదా? ఫోన్‌లో ఈ బ్రెయిన్ గేమ్స్ రోజూ అరగంట ఆడించండి. నెలలో మామూలు మనిషవుతారు. శాస్త్రీయంగా రుజువైంది. డాక్టర్ల చుట్టూ తిరగక్కర్లేదు." ఈ నెలలోనే మా బంధువుల గ్రూపుకి మూడుసార్లు వచ్చిందీ మెసేజ్. అందులో ఒక్కో మాటా తప్పే.

"ఆడితే మామూలవుతారు" అట. బైక్ యాక్సిడెంట్ తర్వాత మా తమ్ముడు బొమ్మలు జతచేసే గేమ్ రెండు నెలలు ఆడాడు. స్కోరు పెరుగుతుంటే మా అమ్మ సంబరం చూడాలి. ఓ పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి, బెల్ మోగితే తలుపు తీయడానికి వెళ్లాడు. గిన్నె మాడి వాసన వచ్చేదాకా పాల సంగతే గుర్తు లేదు వాడికి. 2010లో 'నేచర్' అనే సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 11,430 మంది మామూలు జనం ఆరు వారాలు ఇలాంటివి ఆడారు. ఆడినవాటిలో మెరుగయ్యారు, వాటిని పోలిన వేరే పరీక్షల్లో మాత్రం తేడా రాలేదు. మరి పక్షవాతం వచ్చినవాళ్ల సంగతి? వాళ్లలో 223 మందికి ధ్యాస పెంచే శిక్షణ ఇచ్చి చూసిన 6 ప్రయోగాలను, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్షించింది. శిక్షణ అయిన వెంటనే ఒకేసారి రెండు పనులపై ధ్యాస పెట్టడం కాస్త మెరుగైంది గానీ, అది తర్వాత నిలిచిందనడానికి ఆధారం దొరకలేదు.

"రుజువైంది" అన్న ప్రచారానికే 2016లో బ్రెయిన్ గేమ్స్ అమ్మే లూమోసిటీ కంపెనీ, తప్పుడు ప్రచారాలపై చర్య తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. తలదెబ్బ వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గుతాయనడం కూడా ఆ ప్రచారంలో ఉంది.

ఇక డాక్టర్ అక్కర్లేదన్న మాటకే నాకు ఎక్కువ కోపం. నిద్ర చాలకపోయినా, డిప్రెషన్ ఉన్నా, కొన్ని ఫిట్స్ మందులు వాడినా ధ్యాస నిలవదు. కంచంలో కుడివైపు అన్నం తినేసి ఎడమవైపుది అలాగే వదిలేసే మనిషి సమస్య పూర్తిగా వేరు: ఎడమవైపు ఉన్నదాన్ని మెదడే గమనించదు. ఇవన్నీ గేమ్ ఎలా పట్టుకుంటుంది?

అలాగని ఫోన్ పనికిరాదనడం లేదు. 2001లో బ్రిటన్‌లో జ్ఞాపకం, ధ్యాస లాంటి ఇబ్బందులున్న 143 మందికి పేజర్‌తో (మెసేజ్ వస్తే మోగే చిన్న పరికరం) పనులు గుర్తుచేస్తే, చివరిదాకా ఉన్నవాళ్లలో 80 శాతానికి పైగా మునుపటికంటే బాగా చేసుకోగలిగారు. మా తమ్ముడికి థెరపిస్ట్ నేర్పిందీ ఇలాంటిదే: ఒకసారికి ఒకే పని, మొదలుపెట్టేముందు పైకి చెప్పుకోవడం, టైమర్. ఇప్పుడు పాలు పెట్టగానే టైమర్ నొక్కి ఫోన్ జేబులో వేసుకుంటాడు. బెల్ మోగితే "ముందు స్టవ్" అని పైకే అనుకుని, కట్టేసి, అప్పుడు తలుపు దగ్గరికి వెళ్తాడు.