మూడు ముళ్ల కవరు

మా అపార్ట్‌మెంటులో రోజూ పొద్దున ఆరూ నలభైకి పెళ్లి జరుగుతుంది. చెత్త బండి పాట వినపడితే మేళం మొదలైనట్టే. రాత్రి తిన్న చేపల పులుసు ముళ్లు, తెల్లారి గీసుకున్న బ్లేడు, చంటిదాని డైపరు, పాల ప్యాకెట్లు, మాడిపోయిన ట్యూబులైటు ముక్క, నిన్నటి సాంబారు... అన్నిటినీ కులగోత్రాలు అడక్కుండా ఒకే నల్ల కవర్లో కూర్చోబెట్టి, పైన బిగించి మూడు ముళ్లు వేస్తారు. లోపల చేప ముళ్లు, బయట మూడు ముళ్లు. వేరే కులం పిల్లని చేసుకుంటానంటే కొడుకుని గడప తొక్కనివ్వని పెద్దమనుషులు చెత్త విషయంలో ఇంత అభ్యుదయం చూపిస్తుంటే, నెల్లూరు వాడిగా నాకు గర్వంగా ఉండదా చెప్పండి.

ముడి సంగతి కాస్త చెప్పుకోవాలి. బ్యాంకు లాకరుకి రెండు తాళంచెవులు చాలు. మా రెండో అంతస్తు చెల్లెమ్మ వేసే ముడి విప్పాలంటే గోళ్లయినా ఊడాలి, కవరైనా చిరగాలి. లోపలున్నది ఎవరూ ఎత్తుకుపోరు కదమ్మా, ఎందుకింత బందోబస్తు అని అడిగాను. "వాసనొస్తది కదన్నా" అంది. తడి చెత్తకి గాలాడకుండా పీక బిగించినందుకే ఆ వాసన తల్లీ, గాలి తగిలే డబ్బాలో వేసి పైన ఎండుటాకులు చల్లుతుంటే రెండు మూడు నెలల్లో మట్టి వాసనొచ్చే ఎరువవుతుంది అని చెప్పబోయాను. ఈలోగా కుక్కరు కూసింది, ఆమె లోపలికి వెళ్లిపోయింది.

చట్టం లేక కాదు. 2016 ఏప్రిల్‌లోనే కేంద్రం ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. తడి వేరు, పొడి వేరు, ఇంట్లో పుట్టే ప్రమాదకరమైన చెత్త వేరు అంది. వేరు చేసి ఇవ్వాల్సింది ఇంట్లో వాళ్లే, బండి వాళ్లు కాదు. డైపర్లు, ప్యాడ్లు పొట్లం కట్టి ఇవ్వాలని కూడా అందులో రాశారు. 2021 గాంధీ జయంతికి రాష్ట్ర సర్కారు క్లీన్ ఆంధ్రప్రదేశ్ అని మొదలుపెట్టి ఇంటికి మూడు డబ్బాలు పంచారు. మా వాళ్లు ఆకుపచ్చ దాంట్లో కరివేపాకు మొక్క పెట్టారు, నీలం దాంట్లో బియ్యం పోశారు, ఎర్రది బాత్రూంలో చేరింది. సర్కారు సొమ్ము వృథా చేశారని ఎవరూ వేలెత్తి చూపలేరు. దాని వెంటే చెత్త పన్ను వస్తే "చెత్తకి కూడా పన్నా?" అని ఊగిపోయారు. 2024 డిసెంబరు ఆఖరుకి ఆ పన్ను పోయింది. పన్ను ఉన్నన్నాళ్లూ "డబ్బులు కడతన్నాం, వేరు చేసే పని కూడా మాదేనా?" అన్నవాళ్లే, పోయాక "డబ్బులే తీసుకోనప్పుడు మనల్ని అడిగేదెవరు?" అంటున్నారు. ఈ తర్కానికి మందు లేదు.

పాపం తెలీక చేస్తున్నారేమో అనుకునేరు. పాతసామాన్ల వాడు వచ్చిన రోజు చూడాలి మా వాళ్ల పాండిత్యం. ఇంగ్లిషు పేపరు ఒక కట్ట, తెలుగు పేపరు ఒక కట్ట, ఎందుకంటే ఇంగ్లిషుకి రేటెక్కువ. నోటు పుస్తకాలు వేరు, ఇనుము వేరు, ఇత్తడి వేరు. తూకంలో మోసం పట్టడానికి ఇంట్లో సొంత కాటా. పాత వైరు మీద తొడుగు ఒలిచి, రాగి తీగ విడిగా అమ్ముకున్న మహానుభావుడు మా మూడో అంతస్తులోనే ఉన్నారు. డబ్బులొచ్చేదైతే పరమాణువుల దాకా విడదీస్తారు. రానిదైతే అద్వైతం.

ఆ మూడో అంతస్తు సారు పుణ్యమే ఈ వ్యాసం. రిటైరయ్యారు, మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగలేక పాల ప్యాకెట్ల కోసం బాల్కనీ నుంచి తాడుకి బుట్ట కట్టి దించుతారు. తప్పేం లేదు. ఆ తాడుకే చెత్త కవరు కూడా కట్టి దించుతారు. మొన్న సోమవారం ఆ కవరు రెండో అంతస్తు దాకా హుందాగానే దిగింది. అక్కడ చెల్లెమ్మ బట్టలారేసే కొక్కేనికి తగులుకుంది. సారు పైనించి లాగారు, రాలేదు. "కొంచెం వదలండి సార్" అని కిందనించి వాచ్‌మన్ అరిచాడు. సారు పూర్తిగా వదిలారు.

ముడి ఊడలేదు, గమనించండి. మూడు ముళ్లూ చెక్కుచెదరలేదు. అడుగు ఊడింది. చేపల మార్కెట్లో ఊరికే ఇచ్చే పల్చటి కవరది. 120 మైక్రాన్ల మందానికి తక్కువున్న ప్లాస్టిక్ క్యారీ బ్యాగులకి 2022 డిసెంబరు ఆఖరు నుంచే నిషేధం ఉంది. ఉండకూడని కవరు, ఉండనని చెప్పి పోయింది.

కింద పక్క ఫ్లాటు కుర్రాడి కొత్త స్కూటరు. సీటు మీద రొయ్యల తొక్కలు, అద్దానికి టీ పొడి, హ్యాండిలు సందులో పులుసులోని మామిడి టెంక. సారు పైనించి తొంగిచూసి "ఎవరిదయ్యా అదీ?" అన్నారు. తాడు కొస ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"మీదే సార్" అన్నాడు వాచ్‌మన్.

"మాదెట్టా అవుద్దీ? మేం నిన్న చేపలే వండలా."

వాచ్‌మన్ మాట్లాడకుండా ఒక అట్టపెట్టె ఎత్తి చూపించాడు. ఆన్‌లైన్లో తెప్పించుకున్న మోకాలి పట్టీ పెట్టె. దాని మీద సారు పేరు, ఫ్లాటు నంబరు. పొడిగా ఇచ్చుంటే ఆ అట్ట ఎక్కడో మళ్లీ అట్టై పుట్టేది. పులుసు నూనె పీల్చాక గుజ్జు చేసినా నూనె వదలదు, ఏ మిల్లూ ముట్టదు. సాక్ష్యానికి మాత్రం పనికొచ్చింది. సారు కళ్లజోడు సవరించుకుని "అది మాదే. చేపలు మాయి కావు" అన్నారు. రెండూ ఒకే కవర్లోంచి ఎట్టా పడ్డాయో వివరించలేదు. ఈలోగా కుక్కొచ్చి వివాదంలో ఉన్న చేప తలకాయని నోట కరుచుకుని పోయింది. స్కూటరు ఎవరు కడిగిస్తారని కుర్రాడు. కవరు గాల్లో పగిలిందా, నేల మీద పగిలిందా అది ముందు తేలాలని అసోసియేషన్ సెక్రటరీ. గాల్లో పగిలితే రెండో అంతస్తు వాళ్లకీ వాటా ఉందట, కొక్కెం వాళ్లది కాబట్టి. "కొక్కేనికేం తెలుసన్నా!" అని చెల్లెమ్మ ఏడుపు. ముప్పావు గంట సాగింది సభ.

నా చెప్పుకి పాల ప్యాకెట్ల మూలలు ఆరేడు అంటుకున్నాయి, కత్తెరతో తెంపిన బుల్లి ముక్కలు. ఆ మూల పూర్తిగా తెంపకుండా వేలాడనిచ్చి, ప్యాకెట్టు కడిగి ఆరేస్తే మొత్తం రీసైక్లింగుకి పోతుంది. తెంపిన ముక్క ఎవరి చేతికీ చిక్కదు, కాలవలోకి చేరుతుంది. ఆ సభలో ఈ సంగతి ఎత్తుంటే మామిడి టెంకతో నన్ను కొట్టేవాళ్లు.

మేమంతా తీర్పు కోసం నిలబడి ఉంటే, అదంతా ఊడ్చి, చీపురుకి రానిది చేత్తో ఏరింది బండి వెంట వచ్చే ఆవిడ. ఏరుతూ ఏరుతూ చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. ఇన్సులిన్ సూది. సారుకి షుగరు కూడా ఉంది. బొటనవేలు మీద రక్తం చుక్క. కొంగుకి తుడుచుకుని మళ్లీ వంగింది.

"గ్లౌజులు వేసుకోవాలి కదమ్మా" అని పైనించి సలహా వచ్చింది.

సిగ్గుండక్కర్లేదా? సూదికి గ్లౌజు ఆగుద్దా? వాడిన సూదిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతపెట్టి విడిగా ఇవ్వడానికి ఏ మోకాలు అడ్డొచ్చింది? ఆసుపత్రిలో ఒకరికి వాడిన సూది మనకి గుచ్చితే కేసులు పెడతాం, టీవీ వాళ్లని పిలుస్తాం. మన ఒంట్లోంచి తీసిన సూది ఆవిడ వేలికి దిగితే సలహాలిస్తాం! ఎవరి రక్తంలో ఏముందో ఆవిడ ఎవర్ని అడగాలి? పగిలిన గాజు గ్లాసు పేపర్లో చుట్టి ఇవ్వడానికి అర నిమిషం పట్టదు. అది చెయ్యం, కవరు పైన మూడు ముళ్లు మాత్రం వేస్తాం, మన కంపు మన ముక్కుకి తగలకూడదు కాబట్టి. మా ఇళ్లల్లో ఎవరు ఏ మాత్ర మింగుతారో ఆవిడకి తెలుసు. ఆవిడ పేరు మాలో ఒక్కడికీ తెలీదు. నాకూ తెలీదు.

ఇంతా అయ్యాక సెక్రటరీ నా భుజం మీద చెయ్యేసి "మనం వేరు చేసినా వాళ్లు బండిలో కలిపేస్తారబ్బయ్యా" అన్నాడు. ఊరందరికీ కంఠతా వచ్చిన శ్లోకం ఇది. ఒక రోజు పనిగట్టుకుని బండి వెనక నడిచాను. బండికి రెండు అరలున్నాయి. ఇళ్లల్లోంచి వచ్చినవన్నీ ముడేసిన కవర్లే. డైపరూ రొయ్యల తొక్కా అట్టపెట్టే ఉన్న కవరుని ఏ అరలో వెయ్యాలి? గడపలో కలిపి ఇచ్చి, బండిలో కలిపేస్తున్నారని గోల. ఆ కలిసిందే డంపింగ్ యార్డులో గుట్టవుతుంది. అడుగున తడి చెత్త గాలాడక కుళ్లి మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. ఎండాకాలం అంటుకుంటే, ఆ పొగకి కిటికీలు మూసుకుని బండి వాళ్లనే తిట్టుకుంటాం.

మేం అసలేమీ చెయ్యట్లేదనుకోకండి. నెలనెలా మూడో శనివారం సర్కారు వారి స్వచ్ఛాంధ్ర ఉందిగా. ఆరోజు కొత్త చీపుళ్లతో పదకొండు మంది దిగి ఒక వేపాకుని ఊడుస్తారు. ఫొటో అయ్యాక టీ. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న ఆ పేపరు కప్పులు వేపాకు ఖాళీ చేసిన చోటే పడతాయి. మా ఊరి స్వర్ణాల చెరువులో రొట్టెల పండక్కి కోరిక తీరాలని చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని ఎక్కడెక్కడినించో వచ్చి పట్టుకుంటారు కదా, ఈసారి తడిపొడి రొట్టె ఒకటి పట్టుకుని నేను కూడా దిగుదామనుకున్నాను. సాయంత్రం దాకా మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డా అడిగేవాడుండడు.

నిన్న పొద్దున సారు బాల్కనీలోంచి కేకేశారు.

"అబ్బయ్యా, నువ్వు మొత్తుకునేది నిజమే. ఇయ్యాల్టినుంచి మా ఇంట్లో రెండు కవర్లు."

నాకు నోట మాట రాలేదు. "తడికొకటి, పొడికొకటా సార్?" అన్నాను.

"కాదబ్బా. ఒకదాంట్లో ఇంకోటి. తాడుకి కట్టినా పగలదు."

కవరు నెమ్మదిగా దిగింది. కొక్కేన్ని తప్పించుకుని వచ్చి నా ముందు ఆగింది. లోపలి దానికి మూడు, పైదానికి మూడు, ఆరు ముళ్లు.