కొన్న లింకులు కూల్చిన కష్టం

మా అక్క మంగళగిరి చీరల వెబ్‌సైటును మూడేళ్లు చెమటోడ్చి నిలబెట్టింది. ప్రతి చీరకూ తానే ఫోటో తీసి, నిజాం అంచు గురించి, నూలు గురించి నాలుగు వాక్యాలు రాసేది. చేనేత మీద వ్యాసాలు రాసే ఒకావిడ తనంతట తానే ఇచ్చిన ఒక్క లింకుతో వారం వారం కొత్తవాళ్లు వచ్చేవారు.

అంతలో ఒకతను ఎనిమిది వేల రూపాయలకు ఐదు వేల బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి అక్క సైటుకు వచ్చే లింకులు ఇస్తానని, నెలలో గూగుల్ మొదటి పేజీలో ఉంటారని నమ్మబలికాడు. అక్క నమ్మి కొనేసింది. ఆ లింకులు ఎక్కడివో చూస్తే నా కడుపు మండిపోయింది. పేకాట సైట్లు, ఎవరూ చదవని పేజీలు! అన్నింటిలోనూ ఒకే మాట, ‘చౌక చీరలు’. మగ్గం మీద నేసిన చీరను చౌక అనడానికి అతనెవరు?

ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. 2012లో గూగుల్ తన వెతుకులాట పద్ధతిలో ‘పెంగ్విన్’ అనే మార్పు తెచ్చినప్పుడే ఇలా లింకులు కొన్న సైట్లు ఎన్నో దెబ్బతిన్నాయి. డబ్బిచ్చిన లింకుకు దాని కోడ్‌లో ‘స్పాన్సర్డ్’ లేదా ‘నోఫాలో’ గుర్తు ఉండాలి. ఇవన్నీ తెలిసీ అమ్ముతారే, అదీ నా బాధ.

ఇప్పుడు వెతికితే అక్క సైటు కనబడదు. రాత్రుళ్లు కూర్చుని ఆ లింకులిచ్చిన ఒక్కొక్క డొమైనునూ డిసవౌ జాబితాలో, అంటే ‘ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దు’ అని గూగుల్‌కు చెప్పే జాబితాలో ఎక్కిస్తున్నాం. లింకులమ్మినతను ఫోను ఎత్తడం లేదు.