అడ్మిన్లు మాత్రమే మాట్లాడే గ్రూపుకు

మా నియోజకవర్గ సమాచార వాట్సాప్ గ్రూపుకు,

నిన్ను గారూ అనాలా, నువ్వు అనాలా తేల్చుకోలేకపోయాను. అద్దె కట్టకుండా నా ఫోన్లోనే ఉంటున్నావు కాబట్టి నువ్వనే అంటాను.

ఎన్నికలప్పుడు ఓటరు స్లిప్పు ఇవ్వడానికొచ్చిన పిల్లలు నా నంబరు రాసుకున్నారు. తెల్లారేసరికి నేను నీలో ఉన్నాను. పైన ఎమ్మెల్యే గారి ఫొటో, కింద ‘ప్రభుత్వ సమాచారం మీ ముంగిట్లోకి’ అన్న మాట. నిజం చెప్పొద్దూ, సంబరపడ్డాను. వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్ళి ఏ ఆఫీసు మెట్లూ ఎక్కకుండానే సంగతులన్నీ ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చనుకున్నాను.

తెలుస్తున్నాయి కూడా. ‘అసెంబ్లీకి బయలుదేరిన మన ప్రియతమ నాయకుడు’ అని కారెక్కుతున్న ఫొటో పెడతావు. సాయంత్రం కారు దిగుతున్న ఫొటో పెడతావు. ఎక్కడానికీ దిగడానికీ మధ్య ఏం జరిగిందో మాత్రం ఉండదు. 119 మంది కూర్చునే ఆ సభలో స్టార్ ప్రశ్న వేస్తే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అనుబంధ ప్రశ్న కూడా అడగొచ్చు. మా సారు ఏమైనా అడిగారా? అడిగితే ఏమన్నారు? కారు రంగు మాత్రం నాకు బాగా గుర్తుంది.

కల్యాణలక్ష్మి చెక్కుల ఫొటోలకు నువ్వు పెట్టింది పేరు. 2014లో 51 వేలతో మొదలై, 2018 నుంచి 1,00,116 రూపాయలైన పెళ్ళిసాయం పథకం అది. మీసేవలో దరఖాస్తు, తహసీల్దారు విచారణ, ఎమ్మెల్యే సంతకం, ఇన్ని గడపలు దాటాలి. ఎవరి కాగితం ఏ గడప దగ్గర ఆగిందో నువ్వు ఒక్కనాడూ చెప్పలేదు. ఆఖరి గడప దగ్గర ఫొటో మాత్రం తీస్తావు. ఒక చివర పెళ్ళికూతురి తల్లి, ఇంకో చివర ఎమ్మెల్యే గారు, మధ్యలో చెక్కు. కెమెరా మెరిసేదాకా ఇద్దరూ వదలరు. మా వాడలో ఒక పిల్లకు చెక్కు వచ్చేసరికి చంకలో పాప కూడా వచ్చింది. ఫొటోలో ఆ పాప ఎమ్మెల్యే గారి కండువా పట్టుకుని లాగుతోంది. నువ్వు ఇంతవరకు పంపినవాటిలో నేను దాచుకున్న ఫొటో అదొక్కటే.

వాన సంగతికి వద్దాం. 2023 జూలైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ దిక్కు కాలనీలు మునగడం, భద్రకాళి చెరువుకు గండి పడడం చూసినవాళ్ళం. ఇప్పుడు రెండు గంటలు ఆగకుండా కురిస్తే చాలు, బియ్యం సంచి సజ్జ మీదికి ఎక్కుతుంది. మొన్న అలాగే ఎక్కించి, నాలా నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చెబుతావేమోనని నిన్ను తెరిచాను. ఎమ్మెల్యే గారు శాలువా కప్పించుకుంటున్నారు. మంచి శాలువానే, చలికి పనికొస్తుంది.

పరకాల దిక్కు మా ఊళ్ళో డప్పు చాటింపు ఉండేది. చాటింపాయన మూలమలుపు దగ్గర నిలబడి చెప్పి వెళ్ళిపోతుంటే, మా నాయనమ్మ అరుగు మీది నుంచి ‘ఓ కొడుకా, ఏ దినమన్నవురా?’ అని కేకేసేది. ఆయన వెనక్కొచ్చి, డప్పు భుజానికేసుకుని, మళ్ళీ చెప్పేవాడు. ఒక్కోసారి మంచినీళ్ళు తాగి, తనకు తెలిసిన ఇంకో నాలుగు ముచ్చట్లు కూడా చెప్పేవాడు. నీ దగ్గర అరుగు లేదు. ‘అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు’ అన్న గీత ఉంది.

ఒకే ఒక్కసారి ఆ గీత చెరిగింది. అడ్మిన్లలో ఒక తమ్ముడి వేలు ఎక్కడ తగిలిందో గానీ, ఇరవై నిమిషాల పాటు 1024 మందికీ నోరొచ్చింది. అబ్బ, ఏం ఇరవై నిమిషాలు! ‘మా గల్లీలో నాలుగు దినాల నుంచి నల్లా వస్తలేదు’ అని ఒకామె. ‘వాల్వ్ కాడ పైపు పగిలిందక్కా, రేపు సాయంత్రానికి వస్తది’ అని ఆ వాల్వ్ తిప్పే ఆయనే జవాబు. ఆయన కూడా ఇన్నాళ్ళూ మా మధ్యనే మూగగా ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఎనుమాముల మార్కెట్లో ఆ రోజు మిర్చి ఏం ధర పలికిందో ఒక రైతు చెప్పాడు. ఆధార్‌లో పేరు తప్పు పడినవాడికి, అదే తిప్పలు పడి బయటపడ్డవాడు ఏ కాగితాలు తీసుకుపోవాలో చెప్పాడు. మధ్యలో ఒకాయన ప్లాట్లు అమ్మకానికి పెట్టాడు, ఇద్దరు గుడ్ మార్నింగ్ అన్నారు. అప్పుడు మధ్యాహ్నం మూడయింది. పర్వాలేదు, ఎన్నాళ్ళ నుంచి ఆపుకున్నారో.

ఆ తర్వాత గీత మళ్ళీ పడింది. ‘సాంకేతిక లోపానికి చింతిస్తున్నాం’ అని పెట్టావు. ఆ లోపం వల్లే మా గల్లీకి నీళ్ళెప్పుడొస్తాయో తెలిసింది.

ఇప్పుడు మాకు మిగిలింది బొమ్మలు. మెసేజ్ కింద బొటనవేలో నమస్కారమో పెట్టుకోవచ్చు. ఒక శంకుస్థాపన ఫొటో కింద మా పక్కింటాయన పళ్ళికిలించే ముఖం పెట్టాడు. పావుగంటలో కార్యకర్త ఫోను: ‘అన్నా, చెయ్యి జారిందా?’ జారిందనే చెప్పాడు.

వెళ్ళిపోదామని నేనూ అనుకున్నాను. సభ్యులకు కబురు వెళ్ళదట, అడ్మిన్లకు మాత్రం వెళ్తుందట. మా తమ్ముడి ఇందిరమ్మ ఇంటి దరఖాస్తు ఇంకా తేలలేదు. అందుకని నోటిఫికేషన్లు ఆపేసి ఉన్నాను. రెండు రోజులకే మళ్ళీ తీశాను, నల్లా మెసేజ్ వస్తే ఎలా అని.

ఇదిగో, ఇది రాస్తుండగానే మోగావు. కళ్ళజోడు వెతుక్కుని చూశాను. ఎవరిదో బట్టల షాపు, రిబ్బను, కత్తెర. కింద నాలుగు వందల నమస్కారాలు.

నాది నాలుగు వందల ఒకటోది.

ఇట్లు,
నీ 1024 మందిలో ఒకడు